రాచపుండుపై రెండు ఆయుధములు: రక్తనాళములను అడ్డు మందులు, కిరణ చికిత్స

విద్యార్థులారా! మన గ్రామములలో "రాచపుండు" అను మాట పలుకుటకే పెద్దలు జంకుదురు. ఆ వ్యాధినే నేటి వైద్యులు క్యాన్సరు అందురు. పేరు దాచినంతమాత్రమున వ్యాధి దాగదు. దాని స్వభావము తెలిసికొన్నచో భయము కొంత తగ్గును. సకాలమున వైద్యుని యొద్దకు పోవు బుద్ధియు కలుగును. ఈ వ్యాసమున ఆ వ్యాధి చికిత్సలో ఒక భాగమును మాత్రమే విచారింతము.

కణితికి రక్తము తెచ్చు నాళములను అడ్డు మందులు కొన్ని కలవు. కణితిలోని కణములను చంపు కిరణములును కలవు. ఈ రెంటిని కలిపి ప్రయోగింపవచ్చునా? ప్రయోగించినచో ఒకటి రెండవదానికి తోడగునా, అడ్డగునా? వినుటకు చిన్న ప్రశ్నయే గాని దీనికి ప్రత్యుత్తరము వెదకుటలో అనేకులు తమ జీవితములు గడపిరి. ఆ ప్రత్యుత్తరముపై వేలకొలది రోగుల ప్రాణములు ఆధారపడియున్నవి. కావున దీనిని మొదటినుండి క్రమముగా చూతము.

కణితి యనగా నేమి?

మన శరీరము కంటికి కానరాని కణములతో నిర్మింపబడినది. కణములు విభాగము చెంది క్రొత్త కణములగును, పాతవి నశించును. గాయము మానుటయు, పిల్లలు ఎదుగుటయు ఇట్లే జరుగుచున్నవి. ఎప్పుడు పెరుగవలెనో ఎప్పుడు ఆగవలెనో ఆరోగ్యముగల కణమునకు తెలియును. ఏ కారణముచేతనైనను ఒక కణము ఈ కట్టుబాటును మీఱి, ఆగక విభాగము చెందుచు పోయినచో, దాని సంతతి గుంపుకట్టి కణితి యగును. ఆ కణములు ప్రక్క భాగములలోనికి చొచ్చుకొనిపోయి, రక్తముతో కలిసి దూరముననున్న అవయవములను చేరి, అచ్చటను కాపురము పెట్టినచో అది క్యాన్సరు. అన్ని కణితులును క్యాన్సరు కావు. ఏది యగునో ఏది కాదో పరీక్షించి చెప్పవలసినవాడు వైద్యుడే.

కిరణములు పనిచేయు విధము

1895వ సంవత్సరము నవంబరు నెలలో జర్మనీ దేశమందు విల్హెల్మ్ రాంట్జెన్ అను పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. 1898లో మేరీ క్యూరీ, పియెర్ క్యూరీ దంపతులు రేడియము అను ధాతువును కనుగొనిరి. ఈ కిరణములు చర్మమును దాటి లోపలికి పోగలవనియు, కణములను చంపగలవనియు తెలిసినతోడనే వైద్యులు వానిని కణితులపై ప్రయోగింప మొదలిడిరి. మన ప్రాంతమున సామాన్యజనులు ఈ చికిత్సను "కరెంటు పెట్టుట" అందురు. ఇందు కరెంటు శరీరమునకు తగులదు, నిప్పును తగులదు. యంత్రము వెలుపలనుండి కిరణములను గుఱిచూచి పంపును. ఆ సమయమున రోగికి నొప్పి తెలియదు. ఇట్లు వెలుపలనుండి చికిత్స పొందినవాని శరీరమునుండి కిరణములు వెలువడవు గనుక, వాని ప్రక్కన కూర్చుండుటకు ఎవ్వరును వెఱవనక్కఱలేదు.

కిరణము కణములోనికి చొచ్చినపుడు అందలి నీటి అణువులను చీల్చి, మిక్కిలి చుఱుకైన ఖండములను పుట్టించును. అవి కణము నడుమనున్న డి. ఎన్. ఏ. అను వంశసూత్రమును తెంచును. సూత్రము తెగిన కణము తిరిగి విభాగము చెందజాలక నశించును. అయితే కణమునకు తన సూత్రమును తానే అతుకుకొను శక్తి కొంత కలదు. ఆ అతుకు పడకుండ చేయునది ప్రాణవాయువు. తెగిన చోట ప్రాణవాయువు చేరినచో ఆ గాయము స్థిరపడిపోవును.

1909లోనే గాట్వాల్డ్ ష్వార్ట్స్ అను వైద్యుడు చర్మమును అదిమిపట్టి రక్తము తగ్గించి కిరణములు ప్రసరింపజేసినచో చర్మము తక్కువగా చెడునని గమనించెను. దీని కారణమును తేటపఱచినవారు ఇంగ్లాండులోని ఎల్. హెచ్. గ్రే గారును ఆయన తోడివారును. వారు 1953లో ప్రకటించిన పరిశోధన వలన ప్రాణవాయువు లేని కణములను చంపుటకు, ఉన్న కణములను చంపుటకంటె ఇంచుమించు మూడు రెట్లు కిరణములు కావలసియుండునని లోకమునకు స్పష్టమైనది. నేడు శరీరము గ్రహించు కిరణ పరిమాణమును కొలుచు కొలతకు "గ్రే" అనియే పేరు.

1955లో థామ్లిన్సన్, గ్రే గార్లు ఊపిరితిత్తుల కణితి ముక్కలను సూక్ష్మదర్శినిలో పరీక్షించిరి. రక్తనాళమునకు దగ్గఱనున్న కణములు బ్రదికియుండెను, సుమారు 0.15 మిల్లీమీటరు దాటిన పిమ్మట కణములు చచ్చి మ్రగ్గియుండెను. ఈ రెంటి నడుమ ప్రాణవాయువు చాలక, చావక, బ్రదుకుచున్న కణముల పొర యొకటి యుండును. కాలువగట్టుననున్న చేను పచ్చగా నుండి, దూరమున మడి ఎండిపోయి, నడుమనున్న పైరు వాడియు వేరు చావక నిలిచియుండుట మీరు చూచియే యుందురు. కిరణములకు లొంగక మిగిలి, కొంతకాలమునకు కణితిని మరల మొలిపించునవి తఱచుగా ఈ నడిమి పొరలోని కణములే. కిరణములను ఒక్కసారిగా గాక అనేక దినములు కొద్దికొద్దిగా నిచ్చుటకుగల కారణములలో ఇదియు నొకటి. పై కణములు చచ్చినకొలది లోపలివానికి ప్రాణవాయువు అందును. మఱునాటి కిరణములకు అవియు లొంగును.

కణితి కాలువలు త్రవ్వుకొనుట

ఇక రెండవ ఆయుధము సంగతి. అమెరికాలో జూడా ఫోక్‌మన్ అను శస్త్రవైద్యుడు 1960 ప్రాంతమున నౌకాదళ ప్రయోగశాలలో పనిచేయుచు, శరీరమునుండి వేఱుచేసి గాజు పాత్రలో బ్రదికించిన అవయవములలో కణితి ముక్కలను నాటి చూచెను. అవి గుండుసూది తలయంత పెరిగి ఆగిపోయెను. అవే ముక్కలను ఎలుక శరీరమున పెట్టినచో విచ్చలవిడిగా పెరిగెను. భేదమేమి? ఎలుకలో కణితికి క్రొత్త రక్తనాళములు మొలిచెను; గాజు పాత్రలో మొలవలేదు. దీనినిబట్టి ఆయన 1971లో ఒక సిద్ధాంతమును ప్రకటించెను. కణితి ఒకటి రెండు మిల్లీమీటరులు దాటి పెరుగవలెనన్న దానికి క్రొత్త నాళములు కావలెను. కణితియే ఏదో సందేశద్రవ్యమును పంపి, ప్రక్కనున్న నాళములకు కొమ్మలు వేయించుకొనుచున్నది. ఆ సందేశమును అడ్డినచో కణితి పెరుగజాలదు.

అనేకులు ఈ మాటను చాలకాలము నమ్మలేదు. కాని 1983లో హెరాల్డ్ డ్వోరాక్ గారి బృందము రక్తనాళములనుండి ద్రవము ఊఱునట్లు చేయు ద్రవ్యమును కణితులలో కనుగొనెను. 1989లో నెపోలియనె ఫెరారా గారి బృందము నాళములను పెంచు ద్రవ్యమును వేఱుచేసెను. పిదప చూడగా రెండును ఒక్కటే. దానికి వి. ఇ. జి. ఎఫ్. అని పేరు. దానిని పట్టి బంధించు బెవాసిజుమాబ్ అను మందును అమెరికా ప్రభుత్వము 2004లో పెద్దప్రేగు క్యాన్సరునకు ఇతర మందులతో కలిపి వాడుటకు అంగీకరించెను.

ఫోక్‌మన్ గారు పనిచేసిన బోస్టను నగరపు బాలల వైద్యశాలకు మన తెలుగువారితో ఒక సంబంధము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లే సంస్థయందు తయారైన అమినోప్టెరిన్ అను మందును, ఆ వైద్యశాలలోనే సిడ్నీ ఫార్బరు గారు 1947లో రక్తక్యాన్సరుగల పిల్లలకిచ్చి కొందఱికి కొంతకాలము ఉపశమనము కలిగించిరి.

చిక్కు ప్రశ్న

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. కిరణములు చక్కగా పనిచేయుటకు ప్రాణవాయువు కావలెను. ప్రాణవాయువును తెచ్చునది రక్తము. రక్తమును అడ్డునది ఈ మందు. అట్లయినచో మందు నిచ్చి కిరణములు ప్రసరింపజేయుట, పొయ్యికి గాలి రాకుండ మూసి, కట్టెలు మండలేదని విసుగుకొనుటవంటిది గాదా?

తర్కమునుబట్టి చూడగా ఈ ఆక్షేపణ సరియైనదే. అయినను 1990 తరువాతి సంవత్సరములలో ఎలుకలపై చేసిన పెక్కు ప్రయోగములలో రెండు చికిత్సలును కలిసినపుడు కణితి ఎక్కువగా తగ్గెను. తర్కమొకటి, దృష్టాంతమొకటి! ఇట్టి సమయమున శాస్త్రజ్ఞుడు దేనిని విడువవలెను? దృష్టాంతమును విడువరాదు, తర్కములో ఏ మెట్టు తప్పిపోయినదో వెదకవలెను.

ఆ మెట్టును వెదకి చూపినవాడు మన దేశమున జన్మించి, కాన్పూరు సాంకేతిక విద్యాలయమున రసాయన యంత్రశాస్త్రము చదివి, బోస్టనులో పరిశోధించుచున్న రాకేశ్ జైన్ గారు. కణితిలోని రక్తనాళములు ఆరోగ్యమైన నాళములవలె నుండవని ఆయన చాలకాలముగా చెప్పుచుండెను. అవి వంకరటింకరగా పెరుగును, గోడలు పలుచన, అడుగడుగున చిల్లులు. గండ్లు పడిన కాలువను తలచుకొనుడు. నీరు గండ్లవెంట పాఱిపోయి ఒకచోట చేను మునుగును. మఱియొకచోట చుక్క నీరందక బీటలువాఱును. కణితిలోను అంతే. ద్రవము బయటికి ఊఱి లోపల ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడికి సన్నని నాళములు నలిగి రక్తము నిలిచిపోవును. నాళములు ఎక్కువగా నున్నను ప్రాణవాయువు అందదు.

ఇట్టి స్థితిలో వి. ఇ. జి. ఎఫ్. ను తగు మాత్రముగా అడ్డినచో మొదట నశించునవి పనికిరాని లేత నాళములు. మిగిలినవాని చిల్లులు పూడును, ఒత్తిడి తగ్గును, రక్తము సమముగా పాఱును. రైతు గండ్లు పూడ్చినచో ఉన్న నీరే చివరి మడికి పాఱుట లేదా? కావున కొన్ని దినములపాటు కణితిలో ప్రాణవాయువు తగ్గుటకు మాఱుగా పెరుగును. జైన్ గారు ఈ యభిప్రాయమును 2001లో ప్రకటించిరి. అయితే మందును మితిమీఱి యిచ్చినను, చాలకాలమిచ్చినను మంచి నాళములును నశించి, కాలువ మొత్తము కట్టివేసినట్లగును. అప్పుడు మన మొదటి ఆక్షేపణయే నిజమగును.

2004లో ఆయన బృందము ఎలుకల మెదడులో మనుష్యుల కణితిని పెంచి ఈ సంగతిని పరీక్షించెను. మందు మొదలుపెట్టిన నాలుగవ దినమునుండి ఆఱవ దినము వఱకు కిరణములిచ్చినపుడు ఫలితము మిక్కిలి మేలుగా నుండెను. దానికి ముందుగాని వెనుకగాని యిచ్చినచో అంత మేలు లేదు. అదే సంవత్సరమున పెద్దప్రేగు చివరిభాగమందు క్యాన్సరుగల ఆఱుగురు రోగులకు ఒక్కసారి బెవాసిజుమాబ్ ఇచ్చి, పండ్రెండు దినములైన పిమ్మట చూడగా కణితిలోని ఒత్తిడి తగ్గియుండెను. కిటికీ తెఱచియుండు కాలము కొద్ది. ఆ కొద్దికాలమున కిరణములు లోపలికి పోవలెను. ఈ జంట చికిత్సలోని మర్మమంతయు ఇదియే.

మనుష్యులలో పరీక్ష

ఎలుకకు పనిచేసినది మనుష్యునకు పనిచేయునని చెప్పజాలము. మెదడులో పుట్టు గ్లయోబ్లాస్టోమా అను భయంకరమైన కణితికి 2005నుండి కిరణములను, టెమొజొలొమైడ్ అను మందును కలిపి యిచ్చుట పరిపాటి యయ్యెను. దానికి బెవాసిజుమాబ్ చేర్చినచో రోగులు ఎక్కువకాలము బ్రదుకుదురా యని రెండు పెద్ద పరీక్షలు జరిగెను. రోగులను చీట్లు వేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు మందును, రెండవ వర్గమునకు మందువలె కనబడు ఉత్త ద్రవమును ఇచ్చిరి. ఏది ఎవరికి ముట్టినదో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయలేదు. వీని ఫలితములు 2014లో వెలువడెను. 921 మంది పాల్గొన్న పరీక్షలో కణితి మరల పెరుగకుండ నిలిచిన మధ్యమ కాలము 6.2 నెలలనుండి 10.6 నెలలకు పెరిగెను. కాని బ్రదికిన కాలమో? మందు పొందినవారికి 16.8 నెలలు, పొందనివారికి 16.7 నెలలు. రెండవ పరీక్షయు బ్రదుకు కాలము పెరుగలేదనియే చెప్పెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. బెవాసిజుమాబ్ నాళముల చిల్లులను పూడ్చును గనుక మెదడు వాపు తగ్గును. చిత్రములలో కణితి తగ్గినట్లు కనబడును. చిత్రము మెఱుగుపడుటయు రోగి బ్రదుకుటయు ఒకటి కావు.

ఊపిరితిత్తుల క్యాన్సరు విషయమున ఇంకను కష్టమైన పాఠము నేర్వవలసివచ్చెను. బెవాసిజుమాబ్, ఇతర మందులు, కిరణములు మూడును కలిపి యిచ్చినపుడు కొందఱు రోగులకు శ్వాసనాళమునకును అన్ననాళమునకును నడుమ రంధ్రము పడెను. ఆ పరీక్షలను మధ్యలోనే నిలిపివేసి, 2010లో ఆ సంగతిని దాచక ప్రకటించిరి. కిరణములు తగిలిన ఆరోగ్య భాగములు మానుటకు క్రొత్త నాళములు కావలెను గదా! నాళములను అడ్డు మందు కణితిని అడ్డినట్లే గాయము మానుటనుకూడ అడ్డును.

కాలేయపు క్యాన్సరు విషయమున కొంత ఆశాజనకమైన ఫలితము కలదు. సొరాఫెనిబ్ అను మాత్ర నాళములను పెంచు సందేశమును కణములు అందుకొనకుండ చేయును. 177 మంది రోగుల పరీక్షలో కొందఱికి ఆ మాత్ర మాత్రమే యిచ్చిరి. తక్కినవారికి మొదట సూక్ష్మముగా గుఱిపెట్టిన కిరణములిచ్చి పిదప మాత్ర యిచ్చిరి. బ్రదికిన మధ్యమ కాలము మొదటివారికి 12.3 నెలలు, రెండవవారికి 15.8 నెలలు. ఇచ్చట రెండు చికిత్సలును ఒకేసారి గాక ఒకదానివెంట ఒకటి యిచ్చుట గమనింపుడు. అయితే ఈ పరీక్ష జరుగుచుండగానే, 2020లో, ఆ వ్యాధికి సొరాఫెనిబ్ కంటె మేలైన మందుల జంట యొకటి తేలెను; అందును బెవాసిజుమాబ్ ఒకటి. కావున క్రొత్త మందులతో కిరణములు ఎట్లు కలియునో మరల పరీక్షింపవలసియున్నది.

ఉన్న నాళములను కూల్చు మందులు

పైన చెప్పినవి క్రొత్త నాళములు మొలవకుండ అడ్డు మందులు. ఉన్న నాళములనే కూల్చు మందుల జాతి మఱియొకటి కలదు. దక్షిణాఫ్రికాలో పెరుగు కాంబ్రెటము అను చెట్టునుండి అమెరికా రసాయనశాస్త్రజ్ఞుడు జార్జి పెట్టిట్ గారి బృందము 1980 తరువాతి దశాబ్దమున కాంబ్రెటాస్టాటిన్ అను ద్రవ్యమును తీసెను. ఇది ఇచ్చిన కొలది గంటలలో కణితి నాళములు మూసికొని నడిభాగము చచ్చిపోవును. కాని అంచుననున్న కణములు ప్రక్కనున్న ఆరోగ్య భాగములనుండి రక్తము పొంది బ్రదికియుండును. అంచునగల కణములకు ప్రాణవాయువు సమృద్ధి. కిరణములకు సులభముగా లొంగునవి అవియే. నడిమి భాగమును మందు, అంచును కిరణము. ఇంతకంటె చక్కని పొత్తు ఏమి కావలెను? ఎలుకలలో ముందు కిరణములిచ్చి, పిదప కొద్ది గంటలలో మందిచ్చినపుడు మేలు కనబడెను. అయినను ఈ మందు సామాన్య చికిత్సలో చేరలేదు. ఇదే జాతికి చెందిన వాడిమెజాన్ అను మందు ఎలుకల కణితులను ఆశ్చర్యకరముగా కరగించెను గాని, మనుష్యులపై చేసిన పెద్ద పరీక్షలో 2010లో విఫలమయ్యెను. ఎలుక కణములలో ఆ మందు తాకు అణువొకటి మనుష్యులలో కొంచెము వేఱుగా నుండుటచే మందు దానికి అంటదని పిదప తేలెను.

అనుకొనని మేలు

కిరణ చికిత్స పొందిన కొందఱికి నెలలు గడచిన పిమ్మట మెదడులోని ఆరోగ్య భాగము వాచి చెడుట కలదు. అచ్చటి నాళములు చిల్లులుపడి ద్రవము ఊఱుటయే యిందుకు ముఖ్య కారణము. 2011లో ప్రకటింపబడిన 14 మంది రోగుల చిన్న పరీక్షలో బెవాసిజుమాబ్ పొందినవారికి వాపు తగ్గెను. ఉత్త ద్రవము పొందినవారికి తగ్గలేదు. కిరణములకు తోడుగా నిలిచి కణితిని చంపునని తలచిన మందు, కిరణములు చేసిన కీడును మాన్పుటకు ఉపయోగపడినది!

మనము గ్రహింపవలసినవి

మొదటిది. రెండు మంచి వస్తువులను కలిపినచో తప్పక మేలగునని తలపరాదు. క్రమము, కాలము, పరిమాణము అను మూడును కుదిరిననే పొత్తు ఫలించును.

రెండవది. తర్కము, ఎలుకపై ప్రయోగము, మనుష్యులపై పరీక్ష అను మూడు మెట్లును వేఱువేఱు. మూడవ మెట్టు ఎక్కక ముందే "రాచపుండునకు మందు దొరకినది" అని పత్రికలలో చదివినచో మురిసిపోకుడు. మూడవ మెట్టుపై జాఱినదని విన్నచో నిరాశ చెందకుడు. పనిచేయలేదని నిజాయితీతో ప్రకటించినవారును వెనుకవచ్చు రోగులను కాపాడినవారే.

మూడవది తల్లిదండ్రులకు. ఇంటిలో నెవ్వరికైనను ఇట్టి మందు ఇచ్చుచున్నచో, రక్తస్రావము, తీవ్రమైన కడుపునొప్పి, మానని గాయము కనబడినతోడనే వైద్యునికి తెలుపుడు. బెవాసిజుమాబ్ పొందువారికి శస్త్రచికిత్స అవసరమైనచో సాధారణముగా నాలుగు వారములైనను ముందుగా మందును ఆపవలసియుండును. కావున పన్ను తీయించుకొనుటకు పోయినను ఈ మందు సంగతి చెప్పవలెను. "కరెంటు పెట్టుట"కు భయపడి చికిత్సను నడుమ మానుకొనకుడు. దినమునకింత యని లెక్కవేసి యిచ్చుటలో ఎంత యర్థమున్నదో పైన చదివితిరి గదా. శరీరమున గడ్డ, మానని పుండు, కారణము తెలియని రక్తస్రావము ఉన్నచో సిగ్గుపడి దాచుకొనకుడు.

కణితి చిన్నదిగా నున్నపుడే పట్టుబడినచో, ఈ జంట ఆయుధముల అవసరమే తఱచుగా రాదు. మీలో ఎవరైన రేపు వైద్యులో రసాయన శాస్త్రజ్ఞులో అయి, ఆ కొద్ది దినముల కిటికీ ప్రతి రోగిలోను ఎప్పుడు తెఱచుకొనునో ముందుగా తెలిసికొను మార్గమును కనుగొన్నచో, ఇన్నేండ్ల శ్రమ సఫలమగును. ఆ పని ఇంకను మిగిలియే యున్నది.